బంపర్ టు బంపర్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఇంజిన్ మీద నీళ్లు కొట్టకండి

ప్రశ్న: మాది కరీంనగర్. ఇద్దరం ఉపాధ్యాయులం. అయిదేళ్ల కిందట కొన్న పెట్రోలు కారు ఉంది. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ ఇంజిన్ క్లీనింగ్, కోటింగ్ అంటూ 2,400 రూపాయలు, దానిపైన పన్ను వేస్తున్నారు. ఇలా ఏడాదికి రెండుసార్లు. ఎనిమిది వేలు పెట్టి ప్రెషర్ వాషర్ కొంటే మనమే కడుక్కోవచ్చని మావారు అంటున్నారు. పక్కింటివాళ్లు అలాగే కడిగితే బండి స్టార్ట్ చేయగానే వణకడం మొదలుపెట్టింది. కాయిల్స్, వైరింగ్ కలిపి 18,600 అయ్యింది. ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వం పొమ్మన్నారు. మాకు బంపర్ టు బంపర్ ఉంది కాబట్టి ఆ భయం లేదని మావారి ధైర్యం. అలా ఏదైనా జరిగితే వాననీళ్లు పోయాయని చెబితే సరిపోతుందని తెలిసిన ఏజెంటు ఒకాయన అన్నాడట. ఏడాదిలో ఈ కారు అమ్మి పెద్దది కొనాలని ఉంది. ఇంజిన్ మెరుస్తుంటే ధర ఎక్కువ వస్తుందా? ఏం చేయమంటారు?

జవాబు: ప్రెషర్ వాషర్ కొనకండి. కోటింగూ చేయించకండి. ఆదివారం పొద్దున ఓ గంట పెట్టుకుని తడిగుడ్డతో మీరే తుడుచుకోండి. నీళ్లు కొట్టడం ఎందుకు వద్దంటున్నానో పాలసీ వైపు నుంచే చెబుతాను. ఎందుకంటే మీవారి ధైర్యం అంతా దాని మీదే ఉంది.

బంపర్ టు బంపర్ అన్న పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. కాగితంలో దాని పేరు జీరో డిప్రిసియేషన్. మామూలు పాలసీలో క్లెయిమ్ వచ్చినప్పుడు ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాల ధరలో సగం తరుగు కింద కోస్తారు. లోహపు భాగాలకైతే బండి వయసును బట్టి కోత ఉంటుంది, అయిదేళ్లు దాటిన బండికి అది 40 శాతం. ఈ కోతను తీసేయడమే బంపర్ టు బంపర్ చేసే పని. ఏ నష్టానికి డబ్బు ఇవ్వాలన్న జాబితా దానివల్ల ఒక్క అక్షరం కూడా పెరగదు. ఆ జాబితాలో ప్రమాదం, అగ్ని, దొంగతనం, అల్లర్లు, వరద, తుపాను, పిడుగు, భూకంపం లాంటివి ఉంటాయి. అరుగుదల, మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్, పర్యవసాన నష్టం (ఒకటి పాడవడం వల్ల మరొకటి పాడవడం) అన్నవి మినహాయింపుల కింద ఉంటాయి. మన చేత్తో మనమే నీళ్లు కొట్టి, కనెక్టర్లలోకి తడి దిగి, స్పార్క్ ప్లగ్‌కు కరెంటు పంపే కాయిల్ కాలిపోతే అది వెళ్లి పడేది ఈ మినహాయింపుల్లోనే. మీ పక్కింటివాళ్లకు కంపెనీ చెప్పిన జవాబు కఠినంగా అనిపించినా, వాళ్లు సంతకం పెట్టిన కాగితంలో ఉన్నదే అది.

పైగా బంపర్ టు బంపర్ మీకు ఇప్పటికీ ఉందో లేదో చూసుకోండి. బండికి అయిదేళ్లు దాటాక చాలా కంపెనీలు దాన్ని ఇవ్వడం మానేస్తాయి. రెన్యువల్ ఆన్‌లైన్‌లో హడావిడిగా చేసేటప్పుడు అది జారిపోయినా మనం గమనించం.

ఇంజిన్ ప్రొటెక్ట్ అని మరో యాడ్ ఆన్, అంటే అదనంగా డబ్బు కట్టి తీసుకునే రక్షణ, ఉంటుంది. ఇంజిన్ లోపలికి నీళ్లు పోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోవడం, ఆయిల్ కారిపోయి ఇంజిన్ పట్టేయడం లాంటి వాటికోసం పెట్టింది అది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచెత్తినప్పుడు దాని విలువ చాలా కుటుంబాలకు తెలిసొచ్చింది. మీ వీధిలో నీళ్లు నిలిచే అలవాటు ఉంటే, మీ బండి వయసుకు ఇస్తామంటే, తీసుకోండి. కానీ ఇంట్లో కడిగినప్పుడు తడిసిన సెన్సార్లకు, వైరింగ్‌కు అది గొడుగు పడుతుందనుకోవద్దు. పాలసీ పుస్తకంలో ఆ యాడ్ ఆన్ కింద ఉన్న రెండు పేరాలు చదవండి. అది లోపలికి నీళ్లు పోయిన, ఆయిల్ కారిపోయిన ఇంజిన్, గేర్‌బాక్స్ గురించే మాట్లాడుతుంది.

ఇక ఆ ఏజెంటు సలహా. ఆ మాట పొరపాటున కూడా వినకండి. వాన నీళ్లని రాసిస్తే అది తప్పుడు సమాచారంతో క్లెయిమ్ చేయడం. తనిఖీకి వచ్చే సర్వేయర్ ఆ రోజు వాన పడిందా, బండి ఎక్కడ ఉంది, బురద మరక ఎంత ఎత్తు దాకా ఉంది అని చూస్తాడు. జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో తళతళలాడే ఇంజిన్‌లోకి వరద నీళ్లు పోయాయంటే నమ్మేవాళ్లు ఉండరు. అబద్ధమని తేలితే మొత్తం క్లెయిమ్ పోతుంది, పాలసీ కూడా రద్దు కావచ్చు. అలా రద్దైతే, నిజంగా ప్రమాదం జరిగిన రోజున మీ చేతిలో ఏమీ ఉండదు. బడిలో పిల్లలకు పాఠం చెప్పే మీకు ఇంతకంటే వివరించాల్సిన పనిలేదు.

సరే, ఏదో కారణంతో కంపెనీ చిన్న క్లెయిమ్ ఒప్పుకుందనే అనుకుందాం. అప్పుడైనా లాభమా? అయిదేళ్లుగా క్లెయిమ్ లేకుండా ఉంటే మీ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతానికి చేరి ఉంటుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన బండికి జరిగే నష్టం కోసం కట్టేది) బోనస్ తీయకముందు 8,000 అనుకోండి. ఇప్పుడు మీరు అందులో 4,000 మాత్రమే కడుతున్నారు. ఒక్క క్లెయిమ్ చేస్తే వచ్చే రెన్యువల్‌లో బోనస్ సున్నా, అంటే 4,000 నష్టం. ఆ మరుసటేడు 20 శాతం దగ్గర మళ్లీ మొదలవుతుంది, 2,400 నష్టం. తర్వాత 25, 35, 45 శాతాలు, అంటే 2,000, 1,200, 400. మళ్లీ 50కి చేరేసరికి పోయింది సరిగ్గా 10,000. దానిమీద 18 శాతం పన్ను కలిపితే 11,800. 1,500 సీసీ లోపు బండికి ప్రతి క్లెయిమ్‌లోనూ తప్పనిసరిగా మనం భరించాల్సిన 1,000 రూపాయలు వేరే ఉన్నాయి. ఈ లెక్కన పన్నెండు పదమూడు వేల లోపు నష్టానికి పాలసీని కదిలించకపోవడమే మంచిది. ఈ బోనస్ బండిది కాదు, మీది. రేపు పెద్ద కారు కొన్నప్పుడు దానికి బదిలీ చేయించుకోవచ్చు. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఎక్కువ ఉంటుంది కనుక అక్కడ సగం తగ్గడమంటే పెద్ద మొత్తమే. పాత కారు కాయిల్ కోసం దాన్ని పోగొట్టుకుంటే నాకైతే బాధ.

అందుకే ఇంజిన్ శుభ్రం చేసే పద్ధతి ఎలా ఉండాలంటే, పొరపాటు జరిగినా నష్టం వందల్లోనే ఆగాలి. ఇంట్లో వాడే ప్రెషర్ వాషర్ వంద బార్‌కు అటూ ఇటూ ఒత్తిడితో నీళ్లు చిమ్ముతుంది. కనెక్టర్ల చుట్టూ ఉన్న రబ్బరు సీళ్లు రోడ్డు మీది వాన చినుకులకు తట్టుకుంటాయి గానీ దగ్గర నుంచి ఆ ధార కొడితే ఆగవు. పెట్రోలు బండిలో స్పార్క్ ప్లగ్ గుంతలో చెంచాడు నీళ్లు నిలిచినా చాలు, ఒక సిలిండర్ మిస్సై బండి వణుకుతుంది. పక్కింట్లో జరిగింది బహుశా అదే.

తడిగుడ్డ పద్ధతి ఇది. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే, నీడలో చూసుకోండి. వేడి ఇంజిన్ జోలికి వెళ్లొద్దు. తాళం జేబులో ఉండాలి. తాళం తీసినా రేడియేటర్ ఫ్యాన్ కొన్ని బండ్లలో దానంతట అదే తిరుగుతుంది, కాబట్టి పది నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పండి (గడియారం, రేడియో మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు). ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది), ఫ్యూజ్ బాక్స్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె), ఎయిర్ ఫిల్టర్‌కు గాలి పోయే గొట్టం, ఇగ్నిషన్ కాయిల్స్, వీటికి పాలిథిన్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేయండి. ముందు పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. సగం పని అక్కడే అయిపోతుంది, కానీ చాలామంది ఆ ఓపిక పట్టరు. తర్వాత నీటితో కలిసే రకం డీగ్రీజర్‌ను ఇంజిన్ మీద కాకుండా గుడ్డ మీద, బ్రష్ మీద కొట్టుకుని జిడ్డున్న చోట రుద్దండి. అయిదు నిమిషాలాగి, ఆరిపోకముందే, పిండిన తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి, ఆపైన పొడిగుడ్డతో. కవర్లన్నీ తీసి, కాసేపు బానెట్ తెరిచే ఉంచి, టెర్మినల్ బిగించి, పది నిమిషాలు బండి కదల్చకుండా ఇంజిన్ ఐడిల్‌లో ఉంచండి. చెక్ ఇంజిన్ లైటు వెలగకుండా, చప్పుడు మారకుండా ఉంటే పని అయిపోయినట్టే. మెరుపు కోసం స్ప్రే కొడతామంటే ప్లాస్టిక్ మూతల వరకే, అదీ గుడ్డతో. బెల్టులకు అది తగిలితే జారతాయి.

పెట్రోలు, కిరోసిన్, డీజిల్ మాత్రం ఇంజిన్ దగ్గరికి రానీయకండి. మన ఊళ్లలో జిడ్డు పోవడానికి డీజిల్ కొట్టే అలవాటు ఇంకా ఉంది. రబ్బరు గొట్టాలు ఉబ్బిపోతాయి. నిప్పురవ్వ తగిలితే కిరోసిన్ ఆవిరి 38 డిగ్రీల చుట్టుపక్కలే అంటుకుంటుంది. కరీంనగర్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం ఎంత ఎండ ఉంటుందో మీకు తెలుసు. పెట్రోలు సంగతి చెప్పనే అక్కర్లేదు. మీది కాకపోయినా ఇంట్లో ఎవరికైనా హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండి ఉంటే నారింజ రంగు కేబుళ్లను అసలు ముట్టుకోవద్దని చెప్పండి.

ఈ పని మీరే చేసుకోమనడానికి నాకున్న అసలు కారణం మరొకటి. మూడు నెలలకోసారి బానెట్ ఎత్తి అరగంట చేతితో తుడిచేవాళ్లకు కనిపించేవి, సర్వీసులో రెండు నిమిషాల్లో స్ప్రే కొట్టి మూసేసేవాళ్లకు కనిపించవు. కిందటి వర్షాకాలం మా కారు వైపర్ల కింది జాలీలో వేపాకు పేరుకుపోయి నీళ్లు పోయే దారి మూసుకుంది. తీసి చూస్తే తడి లోపల ఏసీ గాలి వదిలే బ్లోయర్ దాకా దిగుతోంది. ఆ ఆకులు తీయడానికి ఖర్చు ఏమీ లేదు, అలాగే వదిలేసి ఉంటే బ్లోయర్ మోటారు మార్చాల్సి వచ్చేది. అదే రోజు బ్యాటరీ వెనక ఎలుక పెంటికలు కూడా దొరికాయి. తొలకరి పడగానే అవి వెచ్చదనం కోసం బానెట్ కిందికి చేరతాయి, వైర్లు కొరుకుతాయి. పెంటికలు, కొరికిన ఫోమ్ ముక్కలు కనిపించిన వారంలోనే బండి నిలిపే చోటు మార్చడం, రాత్రి బానెట్ కింద లైటు పడేలా చేయడం లాంటివి చేసుకుంటే వైరింగ్ బిల్లు తప్పుతుంది. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, నీలంగా పొడి పట్టిందా, టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) అంచున కొత్తగా ఆయిల్ చెమ్మ ఉందా, కూలెంట్ గీత తగ్గిందా, బెల్టు మీద పగుళ్లున్నాయా చూడండి. ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకుంటే మూడు నెలల తర్వాత పోల్చుకోవచ్చు.

అమ్మేటప్పుడు ఇదే పనికొస్తుంది. అమ్మకానికి ముందు రోజు కడిగి మెరిపించిన ఇంజిన్ చూస్తే తెలిసిన మెకానిక్‌కు మొదట వచ్చే అనుమానం లీకు దాచారని. ఆ అనుమానంతోనే బేరం తగ్గిస్తారు. సహజంగా శుభ్రంగా, పొడిగా ఉన్న ఇంజిన్, దానితోపాటు సర్వీసు బిల్లుల ఫైలు ఉంటే ధర నిలబడుతుంది. ఏదైనా గాస్కెట్ (అతుకుల మధ్య ఉండే సీలు) చెమరుస్తుంటే ఇప్పుడే మార్పించి ఆ బిల్లు ఫైల్లో పెట్టండి. కోటింగ్ కోసం మాత్రం కొనేవాళ్లు ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడం నేను చూడలేదు.

డబ్బు లెక్క చిన్నదే. 2,400కు 18 శాతం పన్ను కలిపితే 2,832, రెండుసార్లకు 5,664. కారుతోపాటు వచ్చిన మాన్యువల్‌లో సర్వీసు షెడ్యూలు తెరవండి. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, ప్లగ్‌లు ఎప్పుడు మార్చాలో అందులో ఉంటుంది. కోటింగ్ అందులో కనిపించకపోతే, బండి ఇచ్చేటప్పుడే జాబ్ కార్డు (చేయాల్సిన పనుల కాగితం) మీద ఆ వరుస కొట్టేయించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. బిల్లు చేతికొచ్చాక వాదించడం కష్టం. మీ సామాన్లకు, అంటే డీగ్రీజర్ సీసా, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, రెండు బ్రష్‌లు, గ్లవ్స్, ఎనిమిది తొమ్మిది వందలు చాలు. ఆ సీసా ఏడాది వస్తుంది.

మిగిలేదాన్ని జీతం ఖాతాలోనే వదిలేస్తే కనబడకుండా పోతుంది. కొత్త కారు ఏడాదిలోనే అంటున్నారు కాబట్టి బ్యాంకులో పన్నెండు నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) తెరవండి. ఈ మిగులు నెలకు నాలుగు వందల దాకా అవుతుంది, దాన్ని అయిదు వందలు చేసి, మీరిద్దరూ చెరో రెండు వేలు కలిపి నెలకు 4,500 వేయండి. ఏడాది తిరిగేసరికి 54,000 అసలు, దానిపైన వడ్డీ డౌన్ పేమెంటుకు సిద్ధంగా ఉంటాయి. ఒకవేళ ఈ కారునే మరో అయిదేళ్లు నడుపుదామని మనసు మారితే పోస్టాఫీసు ఆర్డీ మంచిది. నెలకు 500 చొప్పున 6.7 శాతం వడ్డీకి అయిదేళ్లలో దాదాపు 35,680 అవుతాయి. టైర్లకు, బ్యాటరీకి అప్పు చేయక్కర్లేదు.

రెన్యువల్ తేదీ మీరు రాయలేదు. నెల ముందే పాత పాలసీ తెరిచి మూడు గడులు చూడండి: నో క్లెయిమ్ బోనస్ శాతం, జీరో డిప్రిసియేషన్ ఉందా లేదా, ఇంజిన్ ప్రొటెక్ట్ ఉందా లేదా. ఆ పేజీని మీవారికి కూడా చూపించండి. ప్రెషర్ వాషర్ ఆర్డరు ఇప్పటికే పెట్టి ఉంటే, వెనక్కి పంపే గడువు దాటకముందే పంపేయండి.