దర్శి దగ్గర అయిదెకరాలకు పాత ట్రాక్టర్: ముందు అది ఏ నేలలో తిరిగిందో చూడండి

దర్శి దగ్గర మూడెకరాలు సాగర్ కాలువ కింద వరి, రెండెకరాలు మెట్ట కంది అన్నారు. బ్రోకర్ కోవూరు నుంచి తెచ్చిన మహీంద్రా 275 చూపించి గంటలు తక్కువ తిరిగిందంటున్నాడు, తీసుకోవచ్చా అని మీ ప్రశ్న.

ఆ సైజు మీకు సరిపోతుంది. నాకు అనుమానమల్లా ‘కోవూరు’ అన్న దగ్గరే.

మాది నెల్లూరు జిల్లా సంగం పక్కన, కోవూరులాగే పెన్నా కింద మాగాణి. మా ఇంట్లో అన్నీ పాత బండ్లే కొన్నాం. ఇక్కడ రబీకీ, దాని తర్వాత వేసే రెండో పంట ఎడగారుకీ ఇనుప చక్రాలేసి దమ్ము చేస్తాం. ఆ బురద నీళ్లు ముందు చక్రాల హబ్బుల్లోకి (బేరింగులుండే చోటు), ఆయిల్ సీళ్లు అరిగితే వెనక ఆక్సిల్లోకి పోతాయి. పైన రంగేస్తే ఏమీ కనపడదు. మేం కనిగిరి వైపు మెట్టలో తిరిగిన బండి తెచ్చాం, రంగు వెలిసిపోయి ఉండేది. దాని హబ్బులు విప్పే పని ఇప్పటిదాకా రాలేదు. మా బంధువు ఇక్కడే మెరిసిపోతున్న బండి కొన్నాడు. మొదటి దమ్ముకే వెనక బేరింగు పోయింది.

అందుకే జాకీ వేసి ముందు చక్రం లేపండి. పైనా కిందా పట్టుకుని ఊపితే కటకటమన్నదంటే బేరింగో, చక్రం పక్కకి తిరగడానికుండే కింగ్ పిన్నో అరిగినట్టు. తర్వాత, బండి కదలక ముందే, వెనక హౌసింగు (గేర్లూ ఆయిలూ ఉండే పెట్టె) అడుగున ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేసి కొంచెం ఆయిల్ పట్టండి. పాలు కలిపిన టీలా ఉంటే లోపల నీళ్లు చేరినట్టే. ఆ బోల్టు ముట్టుకోనివ్వకపోతే నేనైతే బేరం కూడా ఆడను.

ఇసుక, ఇటుక తోలిన బండి ఇంకోలా అరుగుతుంది. వెనక టైరు గట్లు నడిమధ్య నున్నగా ఉంటాయి, ట్రక్కు తగిలించే హుక్కు రంధ్రం కోలగా సాగి ఉంటుంది. అలాంటిదానికి క్లచ్, గేరుబాక్సు బాగా చూడాలి. అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర పనిచేసిందైతే రిమ్ములూ వైరింగూ ఉప్పుకి తినేసి ఉంటాయి.

మీటరు మార్చడం పెద్ద పని కాదు కాబట్టి గంటల మాట టైర్లతో సరిచూడండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. టైర్లు బండి కన్నా చాలా కొత్తవైతే పాతవి అరిగేదాకా తోలారనుకోవాలి. అప్పుడు తక్కువ గంటలన్న మాట ఎందుకు నమ్మాలి?

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చోండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి, పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే రింగులు, లైనర్లు అరిగినట్టు. ఆ ఖర్చు ధరలోంచి తీసేయమనాలి. రోటావేటర్ లేపి ఇంజను ఆపండి. కాసేపటికే కిందికి దిగిపోతే లిఫ్టు పని ఉంది.

కాగితాల్లో ఇంజను, చాసిస్ నంబర్లు ఆర్సీతో కలవాలి. ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే, అప్పు తీరిందని వాళ్లిచ్చే ఫారం 35, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వద్దు. పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద అమ్మేవాళ్ల సంతకాలు అక్కడే తీసుకుని, 30 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టండి.

ఇంకో మాట. అయిదెకరాల సొంత పనితో బండి ఖర్చు రాదు. ఇరుగుపొరుగు పొలాలకు బాడుగకు తోలే ఉద్దేశం ఉంటేనే కొనండి. లేకపోతే సమయానికి బండి దొరుకుతున్నంతకాలం బాడుగే మేలు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు బ్రోకర్ మనిషిని కాకుండా మీ ఊరి మెకానిక్‌ను తీసుకెళ్లండి, ఆయన కూలి మీరే ఇవ్వండి. వెనక ఆయిల్ ఏ రంగులో వచ్చిందో ఇక్కడ రాస్తే ధర సంగతి మాట్లాడుకుందాం.