బోర్డు చదివి హాలు చరిత్ర రాయకు

తమ్ముడూ,

హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాళ్ల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వచనం బాగానే నడిచింది, ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం. నాకు చిర్రెత్తింది 'సంధ్య 70 ఎంఎంలో ప్రతి సినిమా డెబ్భై ఎంఎంలోనే ఆడేది' అన్న వాక్యం దగ్గర. బోర్డు మీద ఉన్నది చరిత్ర అయిపోతుందా నాయనా?

పేరులో 70 ఉందంటే పెద్ద తెర, 70 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిల్ము ప్రింటు నడపగల ప్రొజెక్టరు ఉన్నాయని చెప్పుకోవడం. అదే ప్రొజెక్టరు లెన్సు, గేటు మారిస్తే 35 ప్రింటునూ నడుపుతుంది. తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రం 'సింహాసనం' వచ్చిందే 1986లో. ఆ తర్వాతా అలాంటి ప్రింట్లు అరుదే, ఖర్చు అలాంటిది మరి. 35 ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెడితే 70 ఫిల్ము 112.5 అడుగులు కావాలి. వెడల్పు రెట్టింపు. ఆరు ట్రాకుల ధ్వని కోసం ఫిల్ము మీద అయస్కాంత పూత అదనం. అందుకే ఆ బోర్డుల కింద ఎక్కువగా ఆడినవి మామూలు 35 స్కోప్ ప్రింట్లు, అంటే బొమ్మను అడ్డంగా కుదించి 35 ఫిల్ములో పెట్టి, లెన్సుతో తెర మీద వెడల్పు చేసేవి. మీ నాన్నగారు 'అల్లూరి సీతారామరాజు'ను విడుదలప్పుడే 70లో చూశారని రాశావు. 1974లో వచ్చిన ఆ సినిమా సినిమాస్కోప్, అంటే 35 ఫిల్మే. ఆయన జ్ఞాపకాన్ని ఆయన మాటగా రాయి, నీ మాటగా కాదు.

ఆపరేటర్‌ని ప్రొజెక్టరు స్విచ్ వేసి కునికిపాట్లు పడేవాడిగా చూపించావు. ఒక్కసారి లెక్క వెయ్యి. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు. రెండు వేల అడుగుల స్పూలు 22 నిమిషాల్లో అయిపోతుంది. అందుకే క్యాబిన్‌లో రెండు మిషన్లు. రీలు చివర బొమ్మకు కుడివైపు పైమూలన ఒక చుక్క మెరుస్తుంది, నాలుగు ఫ్రేములే. అది కనబడగానే రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఏడు సెకన్ల తర్వాత రెండో చుక్క, అప్పుడు చేంజోవర్, అంటే బొమ్మను మొదటి మిషన్ నుంచి రెండోదానికి మార్చడం. అది తప్పిపోతే తెర మీద తెల్లటి వెలుగు, కింద ఈలలు. ఇక ప్రొజెక్టరుకు వెలుగిచ్చే కార్బన్లు. రెండు కడ్డీల మధ్య మంట మండుతూ ఉంటే కడ్డీలు అరిగిపోతాయి, సందు పెరుగుతుంది, వెలుగు తగ్గి వణుకుతుంది. ఆ సందును సరిచేస్తూ, పొగ చిమ్నీలోంచి పోతోందో లేదో చూసుకుంటూ ఆట నడపాలి. జెనాన్ దీపాలు వచ్చాకే ఆ బాధ తీరింది. ఇదంతా వదిలేసి నువ్వు ఎగిరిన కాగితం ముక్కల మీద రెండు పేజీలు ఖర్చు పెట్టావు.

తప్పు నీ ఒక్కడిదే కాదులే. ఆదివారం అనుబంధాలకు ఇప్పుడు ఈలలు, సోడాలు, కటౌట్లు ఉంటే చాలు. ఒక ఎడిటర్ నా వ్యాసంలోంచి వసూళ్ల పట్టిక పీకేసి ఆ చోట పాలాభిషేకం ఫొటో వేశాడు. పాఠకుడికి అంకెలు అరగవట!

నా పట్టుదల ఒకటే. సినిమా చరిత్ర స్టారుతో రాసుకో, హాలు చరిత్ర మాత్రం రోజువారీ కలెక్షన్ రిపోర్టు, అంటే డీసీఆర్‌తో రాయాలి. అందులో తరగతి, రేటు, తెగిన టికెట్లు వరసగా ఉంటాయి. మొత్తం వసూలు గ్రాస్, అందులోంచి పన్ను పోతే నెట్, నెట్‌లోంచి హాలు అద్దె పోతే డిస్ట్రిబ్యూటరు వైపు మిగిలే షేర్. నువ్వు గ్రాస్ అంకె వేసి 'నిర్మాతకు మిగిలింది' అన్నావు. సంధ్య 70కి, సంధ్య 35కి కాంపౌండ్ ఒకటే అయినా లెక్కలు వేరు, కలిపెయ్యకు. శ్లాబు పన్ను కాలం నాటి కాగితాలైతే ఇంకాస్త అనుమానంగా చదువు. టికెట్లు ఎన్ని తెగినా హాలు సామర్థ్యాన్ని బట్టే పన్ను కట్టేవాళ్లు కాబట్టి, అమ్మకం కచ్చితంగా చూపించాల్సిన ఒత్తిడి తక్కువ.

వంద రోజుల పోస్టర్నీ నమ్మకు. రోజూ నాలుగు ఆటలతో వంద రోజులు ఒకటి, చివరి నెల రోజుకు ఒక్క నూన్ షోతో లాగింది ఇంకొకటి, ఒక హాలు నుంచి ఇంకో హాలుకు షిఫ్టింగుతో కలిపింది మరొకటి. గ్రంథాలయంలో పాత పత్రికలు తీయించి వారానికో ప్రకటన చూడు. హాలు పేరు పక్కన ఆటలెన్నో ఉంటుంది. ఆ సంఖ్య తగ్గిన వారం రాసుకో, సినిమా నిజంగా ఎన్నాళ్లు నిలబడిందో తేలుతుంది.

చివరి పేజీలో ప్రీమియర్ రాత్రుల్ని 'అభిమానుల పండగ' అని ఒక్క మాటతో దాటేశావు. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య 70 దగ్గర ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. క్రాస్ రోడ్స్ మీద వ్యాసం రాస్తూ ఆ సంగతి ఎత్తకపోవడం ఏమిటి? గేట్లెన్ని, ఏ గేటు లోపలికి, ఏది బయటికి, క్యూ రోడ్డు మీదికి ఎక్కడ వచ్చి పడుతుంది, ఆట వదిలే జనం వచ్చే జనానికి ఎక్కడ ఎదురవుతారు, ఇవన్నీ నడిచి చూసి కాగితం మీద గీసుకో. హాలు నడపడానికిచ్చే లైసెన్సు, అంటే బీ-ఫారంలో సీట్ల సంఖ్య ఉంటుంది, దాన్ని ఆ గీతల పక్కన పెట్టు.

క్రాస్ రోడ్స్‌లోని ఓడియన్, సుదర్శన్ 70 పాత కట్టడాలు ఇప్పుడు లేవు. వాటిలో పనిచేసిన బుకింగ్ క్లర్కులు, గేట్‌కీపర్లు ఎక్కడున్నారో ముందు వాకబు చెయ్యి. దేవి, సుదర్శన్ 35 వైపు వెళ్లేటట్టయితే మ్యాట్నీ మొదలయ్యాక వెళ్లు. ఫస్ట్ షో కౌంటరు తెరిచేలోపే మేనేజర్లకు కాస్త తీరిక.