షాంతాల్ అంటే పాటేనా?

మనవరాలికి షాంతాల్ అని పెట్టాలనుకుంటున్నామని, ఫ్రెంచిలో దానికి 'పాట' అని అర్థమట, నిజమేనా అని వైజాగ్ నుంచి అడిగారు. కాదండీ. ఫ్రెంచిలో పాడటాన్ని 'షాంతే' అంటారు. ఆ పోలిక పట్టుకుని ఎవరో రాశారు, మిగతా పేర్ల సైట్లన్నీ దించేసుకున్నాయి. అసలు ఇది ఊరి పేరు. దక్షిణ ఫ్రాన్సులోని ఆక్సితాన్ భాషలో రాయికి, రాతినేలకి ఉన్న మాట నుంచి వచ్చింది.

ఆడపిల్లల పేరు ఎలా అయిందంటే, 1572లో దిజోన్‌లో పుట్టిన జాన్ అనే ఆవిడని షాంతాల్ జమీందారుకి ఇచ్చి చేశారు. 1601లో ఆయన వేటలో తుపాకి దెబ్బ తగిలి పోయాడు. పిల్లల్ని పెంచుకుంటూ, తర్వాత ఫ్రాన్సిస్ డి సేల్స్ అనే బిషప్‌తో కలిసి 1610లో ఆన్సీ అనే ఊళ్లో విజిటేషన్ కన్యకల సభ అనే సన్యాసినుల సంఘం స్థాపించింది. 1767లో పునీతురాలిగా ప్రకటించారు. అంటే ఆవిడ పేరు జాన్, షాంతాల్ అత్తింటివారి పేరు! ఇరవయ్యో శతాబ్దంలో జనం జాన్‌ని వదిలేసి షాంతాల్‌ని ఉంచుకున్నారు. మీ ఊరికీ కాస్త చుట్టరికం ఉంది. 1846లో విశాఖపట్నం వచ్చిన, ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు పెట్టుకున్న సంఘం మిషనరీలు ఆ ఆన్సీ నుంచి వచ్చినవాళ్లే.

ఇక నేను చూసింది చెప్తాను. లియోన్‌లో పనిచేసినప్పుడు మా అకౌంట్స్‌లో ఇద్దరు షాంతాల్‌లు ఉండేవాళ్లు, ఇద్దరూ రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాళ్లే. ఎవరిని పిలిచినా ఇద్దరూ తలెత్తేవాళ్లు, అందుకని పెద్ద షాంతాల్, చిన్న షాంతాల్ అనేవాళ్లం. ఇంటర్న్‌షిప్‌కి వచ్చే పిల్లలంతా లేయా, మనోన్, క్లోయే. 1940లు, 50లలో ఈ పేరు అక్కడ విపరీతంగా పెట్టారు, ఇప్పుడు దాదాపు ఎవరూ పెట్టరు. మన దగ్గర వెంకట సుబ్బమ్మ అంటే ఎలా వినిపిస్తుందో అక్కడ షాంతాల్ అలా వినిపిస్తుంది. పాట సంగతి అడిగితే పెద్ద షాంతాల్ పడీపడీ నవ్వింది. తను పాడితే వాళ్ల నాన్న లేచి తలుపేసుకునేవాడట.

అయినా మీ పాప పెరిగేది వైజాగ్‌లో కాబట్టి ఈ పాతవాసన గురించి టెన్షన్ అక్కర్లేదు, పేరు బాగుంది. నాకున్న అభ్యంతరం ఒక్కటే, స్పెల్లింగ్. ఇంగ్లీషులో సీ హెచ్‌తో రాస్తే బడిలో హాజరు వేసేవాళ్లు 'చాంటల్' అనే చదువుతారు. జనన ధ్రువపత్రంలో ఎస్ హెచ్‌తో రాయించడమే నయం.