దూడ గుండె మీద తెల్ల చారలు: నా అనుమానం తవుడు మీదే

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. నెలన్నర ముర్రా పెయ్యదూడ పలుపు విప్పగానే తల్లి దగ్గరికి ఉరికింది. నాలుగు గంతులేసి కూలబడి, అక్కడికక్కడే చచ్చిపోయిందండి. కోసి చూసిన డాక్టరు గారు గుండె మీద తెల్ల చారలు చూపించి ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ అన్నారు. స్ట్రెస్ అంటే టెన్షనే కదండీ, పాలు తాగే దూడకి టెన్షనేంటండి? ఇంకో దూడకి వెనక కాళ్లు బిగుసుకుపోయి లేవలేకపోతోంది, పాలు మాత్రం తాగుతోంది. మా గేదెలకి ఎండుగడ్డి, తవుడే మేత. చుట్టూ చేపల చెరువులు, పచ్చగడ్డి లేదు. దూడలకీ తవుడు కుడితి పోస్తున్నాం.

జవాబు: టెన్షన్‌కీ దీనికీ సంబంధం లేదండి. ముందు మీ తవుడు బస్తా మూతి విప్పి గుప్పెడు తీసి వాసన చూడండి. మిల్లు నుంచి వచ్చిన రోజు కమ్మగా ఉంటుంది. కొన్నాళ్లు పోతే, అందులోనూ వానాకాలంలో, కనరు వాసన వేస్తుంది. తవుడులోని నూనెకి గాలి తగిలి చెడిపోవడం అది. దూడ గుండెలో జరిగింది కూడా దాదాపు ఇదే.

కండరంలోని ప్రతి కణంలో మైటోకాండ్రియాలు అని చిన్న చిన్న పొయ్యిల్లాంటివి ఉంటాయి. మేత నుంచి వచ్చిన శక్తిని ఆక్సిజన్‌తో మండించి కండరానికి అందించేది అవే. గుండెకి రాత్రీ పగలూ విశ్రాంతి లేదు కాబట్టి గుండె కణంలో దాదాపు మూడో వంతు చోటు వాటిదే. పొయ్యి అన్నాక నిప్పురవ్వలు ఎగురుతాయి. ఈ రవ్వలు కణం పొరల్లోని కొవ్వుకి అంటుకుంటే అది కనరెక్కిన నూనెలా పాడవుతుంది. డాక్టరు గారు ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ అన్నది దీన్నే. అంటుకోకుండా కాసేవి రెండు. ఒకటి పొరలోనే కూర్చునే విటమిన్ ఇ. రెండోది రవ్వల్ని ఆర్పే ఎంజైము, అది పనిచేయాలంటే సెలీనియం అనే ఖనిజం కావాలి. ఈ రెండూ తక్కువైతే పొరలు చిల్లులు పడి కాల్షియం లోపలికి చొరబడుతుంది. మైటోకాండ్రియాలు దాన్ని మింగి మింగి ఉబ్బి చచ్చిపోతాయి. చచ్చిన కండరంలో సున్నంలా పేరుకున్నదే మీరు చూసిన తెల్ల చార. కట్టేసి ఉన్నంతసేపు ఆ గుండె ఎలాగో నెట్టుకొచ్చింది. పరుగెత్తేసరికి దాని వల్ల కాలేదు. చైనాలో కేషాన్ అనే చోట సెలీనియం లోపం వల్ల మనుషులకే ఇలాంటి గుండెజబ్బు వచ్చింది.

మీ ఇంట్లో లోపం ఎక్కడంటే, ఎండుగడ్డిలో విటమిన్ ఇ దాదాపు ఉండదు. పచ్చగడ్డిలో పుష్కలం. తవుడులో ఉన్న కాస్తా కనరెక్కేటప్పుడు ఖర్చైపోతుంది. పైగా నెలన్నర దూడకి పెద్ద పొట్ట ఇంకా తయారు కాదు, ఆ చెడ్డ నూనె నేరుగా ఒంటికి పడుతుంది. ఇంకో మాట, కోపగించుకోకండి. తల్లి కడుపులో ఉండగా దూడకి విటమిన్ ఇ పెద్దగా అందదు, ఈనాక జున్నుపాలలోనే అందాలి. మనవైపు ఆ పాలు జున్నై ఊరంతా తిరుగుతాయి. నాకూ బెల్లం, మిరియాలు వేసిన జున్నంటే ప్రాణమే. కానీ ఈనిన గంటలోపు దూడ తాగాలి, మొదటి రోజు మొత్తం మీద ముప్పై కిలోల దూడకి మూడు లీటర్లు పోవాలి. మిగిలితేనే జున్ను.

రెండో దూడని పరుగెత్తనివ్వకండి, బలవంతంగా లేపకండి. తల్లి దగ్గరికి నడిపించొద్దు, పాలు పితికి పట్టండి. కుడితి ఇవాళే ఆపేయండి. మూత్రం కాఫీ రంగులో ఉంటే కండరం కరిగిపోతోందని అర్థం, వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి. విటమిన్ ఇ–సెలీనియం ఇంజక్షన్ డాక్టరే చేయాలి. పక్క రైతు దగ్గర మిగిలిన సీసా తెచ్చి పొడవొద్దు. మేతలో కిలోకి 0.3 మిల్లీగ్రాముల సెలీనియం చాలు, 5 దాటితే విషం. కాళ్లు బిగుసుకున్న దూడలు చాలావరకు కొద్ది రోజుల్లో లేచి నిలబడతాయి. గుండెకి తగిలినవి మాత్రం కష్టం.

చూలు గేదెలకి ఆఖరి రెండు నెలలైనా పచ్చిమేత పడాలి. సార్వా కోతకి ముందు పిల్లిపెసర చల్లుకోండి, చెరువు గట్ల మీద నేపియర్ గడ్డి కణుపులు నాటండి. మినరల్ మిక్స్చర్ కొనేటప్పుడు సంచి మీద సెలీనియం రాసి ఉందో లేదో చూడండి, అన్నిట్లో ఉండదు. తవుడు వారానికి సరిపడా తెచ్చుకోండి, లేదా నూనె తీసిన తవుడు వాడండి.

ఒక్క విషయం మాత్రం మీరు రాయలేదు. ఊళ్లో ఈ మధ్య గాలికుంటు వచ్చిందా? అది లేత దూడల గుండె మీద కూడా ఇలాంటి చారలే పెడుతుంది, నోట్లో పుండ్లు లేకుండానే చంపేస్తుంది. వచ్చి ఉంటే నేను చెప్పిందంతా పక్కనపెట్టి ముందు ఆ సంగతి డాక్టరు గారికి చెప్పండి. మళ్లీ ఏ దూడైనా పోతే పాతిపెట్టకముందే ఆయన్ని పిలిస్తే, గుండె ముక్క, కాలేయం ముక్క ల్యాబ్‌కి పంపి తేలుస్తారు.