మేనేజరు ‘క్విర్క్స్’ అన్నారంటే తిట్టినట్టేనా?

అప్రైజల్‌లో మీ మేనేజరు గారు ‘హీ హ్యాజ్ హిజ్ క్విర్క్స్’ అని రాశారనీ, ‘క్విర్క్’, ‘ఇడియోసింక్రసీ’ అంటే ఏమిటో, జవాబు మెయిల్లో ఏ మాట వాడాలో చెప్పమనీ అడిగారు కదా, టెన్షన్ పడకండి. తిట్టేమీ కాదు. ఎవరికీ హాని చేయని, ఆ మనిషికే సొంతమైన వింత అలవాటునే క్విర్క్ అంటారు. విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ కొనుక్కుని, పల్లీలన్నీ ఏరి పొట్లం అయ్యేదాకా గుప్పిట్లో దాచుకునేవాళ్లు ఉంటారు చూడండి, అదీ క్విర్క్. రోజూ ఆఫీసుకి ఆలస్యంగా రావడం మాత్రం క్విర్క్ కాదండోయ్, దానికి వేరే మాటలున్నాయి!

వస్తువులకీ వాడతారు. పక్కన ఒక తట్టు తడితే గానీ కాగితం లాక్కోని ప్రింటరుకి అదొక క్విర్క్. ‘బై ఎ క్విర్క్ ఆఫ్ ఫేట్’ అన్నప్పుడు మాత్రం అలవాటు కాదు, విధి వైచిత్రి.

మీరడిగిన రెండో మాట ‘ఇడియోసింక్రసీ’ కూడా దాదాపు ఇదే, కాకపోతే కాస్త పండితుల భాష. గ్రీకులో ‘ఇడియోస్’ అంటే సొంతం. ‘ఇడియట్’ కూడా ఆ మూలం నుంచే వచ్చింది గానీ, ఇక్కడ ఆ వాసన లేదు. ఏదైనా మందు ఏ కొద్దిమందికో ఊహించని విధంగా వికటిస్తే డాక్టర్లు ఇడియోసింక్రాటిక్ రియాక్షన్ అంటారు.

జవాబు మెయిల్లో మీరూ క్విర్క్ అనే రాయండి. ‘పిక్యూలియర్’ జోలికి పోవద్దు, మనిషి గురించి వాడితే ‘అదో రకం’ అన్నట్టు వినిపిస్తుంది.