గోధుమకి తుప్పు తట్టుకునే జీన్ ఒకటి ఎక్కిస్తే సరిపోదా?

మీరు రాజేంద్రనగర్‌లో బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో ఉన్నానన్నారు. గోధుమలో తుప్పు తెగులుని తట్టుకునే జీన్లు పదుల కొద్దీ దొరికాయి, వాటిని డీఎన్ఏలో గుర్తుపట్టే మార్కర్లు కూడా ఉన్నాయి, మంచిది ఒకటి చూసి రైతులు బాగా వేసే రకంలోకి ఎక్కిస్తే అయిపోయే పనికి బ్రీడర్లు వందేళ్ళుగా ఎందుకు తంటాలు పడుతున్నారు, ఎమ్మెస్సీకి తీసుకుంటే ఇంకా చేయడానికి ఏమైనా మిగిలిందా అని అడిగారు.

నా పీహెచ్‌డీ గోధుమ తుప్పు మీదే, ఇప్పుడు ఇక్కడ హైదరాబాద్‌లో వరి అగ్గితెగులు మీద పనిచేస్తున్నాను. చాలానే మిగిలింది, తప్పకుండా తీసుకోండి. కానీ ముందే ఒక మాట. ఒక్క మచ్చ కూడా లేకుండా నిగనిగలాడే మొక్కని చూసి మనసు పారేసుకోకండి. కాస్త తెగులు తగిలినా గింజ నిండుగా పట్టే మొక్కలోనే ఎక్కువ కాలం నిలిచే బలం ఉంటుంది.

మీరనుకునే "మంచి జీన్" చేసే పని ఏమిటంటే, శిలీంధ్రం మొక్కలోకి వదిలే ప్రోటీన్లలో ఏదో ఒకదాన్ని గుర్తుపడుతుంది. గుర్తుపట్టగానే అక్కడి కణాలు వాటంతటవే చచ్చిపోతాయి. తుప్పు శిలీంధ్రం బతికున్న కణం మీదే బతకాలి కాబట్టి దానికి తిండి దొరకదు, ఆకు శుభ్రంగా కనిపిస్తుంది. 1940ల్లో ఫ్లోర్ అనే శాస్త్రవేత్త అవిసెలో తుప్పు మీద పనిచేసి, మొక్కలోని ఒక్కో జీన్‌కి ఎదురుగా శిలీంధ్రంలో ఒక్కో జీన్ ఉంటుందని చూపించాడు. చిక్కంతా అక్కడే ఉంది. శిలీంధ్రంలో ఆ ఒక్కటి మారితే చాలు, మనం ఏళ్ళ తరబడి కష్టపడి ఎక్కించిన జీన్‌కి అది ఇక కనిపించదు. ఒక్క పొక్కు నుంచి రోజుకి వేల శిలీంధ్ర బీజాలు (స్పోర్లు) రాలతాయి, రెండు వారాలకోసారి కొత్త తరం వస్తుంది, పొలం తర్వాత పొలం అదే రకం ఉంటే మారిన ఆ ఒక్క బీజానికి తిండే తిండి.

పీబీడబ్ల్యూ 343 అనే గోధుమ రకం సంగతి చూడండి. 1990ల మధ్యలో విడుదలై పంజాబ్, హర్యానాల్లో ఎటు చూసినా అదే అన్నంతగా పాకింది. పసుపు తుప్పుకి దానిలో ఉన్న ఆధారం ముఖ్యంగా వైఆర్27 అనే జీన్. 2000 తర్వాత 78ఎస్84 అనే రేసు (అదే శిలీంధ్రంలో మారిన ఒక రూపం) దాన్ని దాటేసింది, కొన్నేళ్ళకే హిమాలయాల కింద జిల్లాల్లో పొలాలు పసుపు చల్లినట్టు అయిపోయాయి. కాండం తుప్పుకి దానిలో ఉన్నది ఎస్ఆర్31, రై ధాన్యం నుంచి క్రోమోజోమ్ ముక్కతో సహా గోధుమలోకి వచ్చిన జీన్. ప్రపంచంలో చాలా దేశాలు దాన్నే నమ్ముకున్నాయి. 1998లో ఉగాండాలో దాన్ని కూడా జయించిన రేసు కనబడింది, మరుసటి ఏడాది యూజీ99 అని పేరు పెట్టారు, 2007కల్లా అది ఇరాన్ దాకా వచ్చేసింది. మన గోధుమ లైన్లని కెన్యాలోని న్జోరోకి పంపించి పరీక్ష చేయిస్తున్నది అందుకే. తెగులు మన గడప తొక్కకముందే ఏది నిలబడుతుందో తెలియాలి కదా.

ఇప్పుడు రెండో రకం జీన్ల గురించి చెప్పాలి, నాకు ప్రాణమైనవి ఇవే. ఎస్ఆర్2 అనేది 1920ల్లో అమెరికాలో మెక్‌ఫాడెన్ అనే బ్రీడర్ ఎమ్మర్ అనే పాతకాలపు గోధుమ నుంచి రొట్టె గోధుమలోకి తెచ్చిన జీన్, ఇప్పటికీ పనిచేస్తోంది. ఎల్ఆర్34 కూడా అలాంటిదే, ఆకు తుప్పు, పసుపు తుప్పు, బూడిద తెగులు మూడింటినీ కొంత మేర ఆపుతుంది. 2009లో ఆ జీన్‌ని వేరుచేసి చూస్తే అది శిలీంధ్రాన్ని గుర్తుపట్టే రకం కానే కాదు, కణపొర గుండా పదార్థాల్ని చేరవేసే ప్రోటీన్‌ని తయారుచేసేది. శిలీంధ్రం తన ప్రోటీన్ ఒకటి మార్చుకుని తప్పించుకునే దారి ఇక్కడ ఉండదు. ఇవి తెగుల్ని పూర్తిగా ఆపవు. పొక్కులు ఆలస్యంగా వస్తాయి, చిన్నగా ఉంటాయి, తక్కువ బీజాలు రాలుస్తాయి. ఒక్కటే ఉంటే తెగులు ఒత్తిడి ఎక్కువున్న ఏడాది సరిపోదు. నాలుగైదు కలిస్తే మాత్రం దాదాపు తెగులే లేనంత బాగుంటుంది.

మరి అందరూ ఇవే వాడొచ్చు కదా అంటారేమో. వీటిని పొలంలో పట్టుకోవడం కష్టం. ఎల్ఆర్34 ఉన్న మొక్కకి జెండా ఆకు (కంకి కిందుండే చివరి ఆకు) కొస ఎండిపోతుంది, చూసేవాళ్ళు నీళ్ళు చాలలేదనో పొటాష్ తక్కువైందనో అనుకుంటారు. ఎస్ఆర్2 ఉన్న మొక్కకి కంకి పైపొట్టు మీద, కణుపుల కింద నల్లటి మరకలు వస్తాయి, దాన్ని చూసి ఇదేదో కొత్త తెగులు అని పీకి పారేసేవాళ్ళున్నారు. పైగా ఇవి పెద్ద మొక్కలోనే పనిచేస్తాయి. కుండీల్లో నారు దశలో తుప్పు పూసి పరీక్షిస్తే లొంగిపోయినట్టే కనిపిస్తాయి. అంటే అందంగా ఉన్నవి ఏరుకుంటూ, నారు పరీక్షలో పాసైనవే ఉంచుకుంటూ పోతే, మనకి కావలసిన జీన్లని మన చేతులతోనే అవతల పారేస్తాం.

పీహెచ్‌డీలో నేను స్కోరింగ్ (ఏ మొక్కకి తెగులు ఎంత పట్టిందో చూసి అంకె వేయడం) చేసింది నీలగిరుల్లో, వెల్లింగ్టన్‌లో. అక్కడి ఐఏఆర్ఐ (భారత వ్యవసాయ పరిశోధన సంస్థ) కేంద్రంలో తుప్పు ఏడాది పొడవునా దానంతటదే ఉంటుంది. వరసల మధ్యలో ఆగ్రా లోకల్ లాంటి బలహీనమైన రకం వేస్తారు, దాని మీద తెగులు పెరిగి పక్కవాటికి అంటుకుంటుంది. పొద్దున్నే మంచు ఆరకముందు వరసల్లోకి దిగితే మధ్యాహ్నానికి ప్యాంటు మోకాళ్ళ దాకా నారింజ రంగు పొడి. ఆకుని ఎండకి అడ్డం పెట్టి చూసి, ఎంత భాగం పొక్కులు పట్టిందో శాతం, పొక్కు తీరు ఎలా ఉందో అక్షరాలు, రెండూ కలిపి బుక్‌లో రాసుకుంటాం. ఎనభై ఎస్ అంటే ఆకు నిండా పెద్ద పొక్కులు, ఇరవై ఎంఆర్ అంటే కొద్దిగా, చిన్నవి, చుట్టూ పాలిపోయిన అంచుతో. ఒక్కసారి చూసి రాసిన అంకెకి విలువ లేదు. వారం పది రోజుల తేడాతో మళ్ళీ మళ్ళీ అదే వరసకి వచ్చి చూస్తేనే ఏది నెమ్మదిగా పెరుగుతోందో తేలుతుంది. పక్క వరస ఇరవై నుంచి ఎనభైకి ఎగబాకితే, ఒకటి మాత్రం ఇరవై నుంచి ముప్ఫై దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఆ వరసకి ట్యాగ్ కట్టేటప్పుడు ఉండే సంతోషం వేరు.

అన్నట్టు, ఈ నీలగిరులకీ మనకీ చిన్న సంబంధం ఉంది. మైదానాల ఎండకి తుప్పు వేసవిలో బతకలేదని, కొండల మీద దాక్కుని మళ్ళీ దిగుతుందని కె.సి. మెహతా అనే శాస్త్రవేత్త ఎప్పుడో తేల్చారు. నవంబరు ప్రాంతంలో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మనం ఇక్కడ గొడుగులు వెతుక్కుంటాం గానీ, ఆ గాలులే నీలగిరుల కాండం తుప్పు బీజాల్ని మోసుకుపోతాయి, వాటితో వచ్చే వాన ఆ బీజాల్ని మధ్య భారతం గోధుమ మీద దించుతుంది.

వరిలో కూడా ఇదే కథ. సాంబ మసూరి అంటే మనవాళ్ళకి ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు, అగ్గితెగులు అంటే దానికి అంత భయం. పీఐ54 లాంటి జీన్లు మార్కర్లతో ఎక్కించవచ్చు, బ్యాక్‌క్రాస్ చేస్తూ, అంటే మళ్ళీ మళ్ళీ సాంబ మసూరితోనే సంకరం చేస్తూ పోతే అదే గింజ, అదే రుచి, పైగా తెగులు ఆగుతుంది. కానీ మేము ఒక్క జీన్‌తో ఆపం, కనీసం రెండు కలుపుతాం. అగ్గితెగులు శిలీంధ్రపు బంధువే గోధుమ మీద కూడా పడుతుందని మర్చిపోకండి. 1985లో బ్రెజిల్‌లో మొదట కనబడింది, 2016లో బంగ్లాదేశ్‌లో దిగి ఒక్క సీజన్‌లో దాదాపు 15,000 హెక్టార్ల మీద పడింది. దానికి ఇప్పుడు అందరూ నమ్ముకున్నది 2ఎన్ఎస్ అనే ఒకే ఒక్క క్రోమోజోమ్ ముక్క. నాకు నిజంగా టెన్షన్ పుట్టించే విషయం ఇదే.

జీన్ ఎడిటింగ్‌తో ఇదంతా అయిపోదా అని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. 2021లో ఆస్ట్రేలియా వాళ్ళు ఐదు కాండం తుప్పు జీన్లని ఒకే కట్టగా గోధుమలో పెట్టి చూపించారు, అన్నీ కలిసే ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్తాయి కాబట్టి విడిపోవు, చాలా మంచి పని. అయితే అది జీఎం (జన్యుమార్పిడి) పంట, అనుమతులు దాటి రైతు దాకా రావడం వేరే సంగతి. ఈలోపు పొలంలో కళ్ళతో ఏరే పని ఆగదు.

ఇక మీ ఎమ్మెస్సీ. మన దగ్గర గోధుమ దాదాపు లేదు, హైదరాబాద్‌లో ఉండి తుప్పు స్కోరింగ్ చేయడం కుదరదు. ఇక్కడే ఉండాలంటే వరి అగ్గితెగులు తీసుకోండి, చలికాలం రాత్రుళ్ళు నర్సరీ మీద తడి ఆరకుండా చూసుకుంటే తెగులు చక్కగా వస్తుంది. గోధుమే కావాలంటే బయట సీటు చూసుకోండి, గైడ్‌ని కలిసినప్పుడు మొదట రెండు విషయాలు అడగండి: స్కోరింగ్ పెద్ద మొక్క దశలో ఎన్నిసార్లు చేయిస్తారు, రెండు సీజన్ల డేటా వస్తుందా. నారు పరీక్ష, మార్కర్లు మాత్రమే అంటే పని తేలిగ్గా అయిపోతుంది గానీ నెమ్మదిగా తుప్పు పట్టే మొక్క ఎలా ఉంటుందో చూడకుండానే డిగ్రీ చేతికి వస్తుంది. ఆఫ్ సీజన్‌లో వెల్లింగ్టన్ పంపిస్తామంటే మాత్రం ఇంకేం ఆలోచించకండి, చేరిపోండి.