మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 మొదలుపెట్టిన చింటూకి బాబాయ్ రాసేది

ఒరేయ్ చింటూ,

నీ మెసేజ్ చూశా. వుల్వరిన్, స్పైడర్‌మ్యాన్, ర్యూ ముగ్గురి మూవ్‌లిస్టూ నోటికి వచ్చేసినా ఆన్‌లైన్‌లో తెగ ఓడిపోతున్నా అని రాశావు కదా, చూడు నాన్నా, ముగ్గురేసి టీములుగా కొట్టుకునే ఈ ఫైటింగ్ గేమ్‌లో ఒక మూవ్ మంచిదా కాదా అన్నది ఆ కేరెక్టర్ ఒక్కడినే చూసి చెప్పలేం. వెనకాల ఇద్దరున్నారు, బటన్ నొక్కితే వచ్చి ఓ దెబ్బ వేసి వెళ్తారు, అసలు గేమంతా ఆ రెండు అసిస్ట్ బటన్లలోనే ఉంది. నువ్వేమో ముగ్గురు హీరోల్ని పెట్టి ముగ్గురితో ఒక్కొక్కడిగా కొట్లాడుతున్నావు, అవతలివాడు ముగ్గుర్నీ కలిపి ఒకేసారి నీ మీదకి తోలుతున్నాడు.

అందుకని మొదట నీకు నచ్చినవాణ్ని ఎంచుకోకు, మొదట అసిస్ట్ ఎంచుకో. ఈ గేమ్‌లో 56 మంది ఉన్నారు, వుల్వరిన్ అయితే రెండు సార్లు ఉన్నాడు, ఒకడు మామూలు గోళ్ళతో ఇంకోడు ఎముక గోళ్ళతో, ఎందుకో ఆ డిజైన్ చేసినోళ్ళకే తెలియాలి. ఒక్కొక్కరికి ఆల్ఫా, బీటా, గామా అని మూడు అసిస్టులు, నువ్వు తొందరలో మొదటిదే నొక్కేసి వెళ్ళిపోతున్నావని నాకు డౌటు. అక్కడ నువ్వు ఎంచుకున్న టైపుని బట్టే ఆ కేరెక్టర్ క్రాస్‌ఓవర్ కౌంటర్‌లో, అంటే బ్లాక్ చేస్తూనే మనిషిని మార్చి ఎదురు కొట్టేదాంట్లో ఏం చేస్తాడు, ముగ్గురూ కలిసి వేసే టీమ్ సూపర్‌లో ఏ సూపర్ (మీటర్ ఖర్చు పెట్టి వేసే పెద్ద దెబ్బ) వేస్తాడు అనేది కూడా తేలిపోతుంది. ఆ కేరెక్టర్ సెలెక్ట్ స్క్రీన్‌లో వచ్చే జాజ్ పాట వింటూ కాసేపు ఆగు, పర్లేదు.

సైలాక్ ఆల్ఫా తీసుకో. యాంటీ ఎయిర్, అంటే దూకి వచ్చేవాణ్ని కొట్టేది, కింద నుంచి పైకి లేస్తుంది, తగిలితే ఎదుటివాడు గాల్లోకి ఎగిరి నీ చేతికి దొరుకుతాడు, అక్కణ్ణుంచి నువ్వు ఎయిర్ కాంబో, అంటే గాల్లోనే వరస దెబ్బలు అందుకోవాలి. సైలాక్‌ని ముందు పెట్టి ఆడేవాళ్ళు తక్కువే, కానీ ఈ అసిస్ట్ కోసమే ఆమె ఇన్నేళ్ళుగా పెద్ద టీముల్లో ఉంటోంది. కెప్టెన్ కమాండో కూడా అంతే, నిలువునా ఓ మెరుపు స్తంభం లేపుతాడు, దూకి మీదకి వచ్చేవాడికి అది గోడ. అన్నట్టు మన వీధి చివర పార్లర్లో రూపాయి కాయిన్ వేసి ముస్తఫా అని ఆడేవాళ్ళం చూడు, ఆ గేమ్ కూడా ఈ క్యాప్‌కామ్ వాళ్ళదే, ఈ కమాండో కూడా అలాంటి కొట్టుకుంటూ ముందుకెళ్ళే గేమ్ నుంచి వచ్చినోడే, 1991ది. ఇక సెంటినెల్ గామా పెడితే చిన్న చిన్న డ్రోన్లు వరసగా స్క్రీన్ దాటి వెళ్తాయి, ఎదుటివాడు వాటిని బ్లాక్ చేసుకుంటూ ఉండగా నువ్వు నడుచుకుంటూ వెళ్ళి పక్కన నిలబడొచ్చు.

ఇప్పుడు ఆ అసిస్ట్‌తో కలిపి నీ మూవ్స్ మళ్ళీ చూడు. మాగ్నెటోనే తీసుకుందాం, ఎలాగూ నువ్వు వాడి దగ్గరికి రావాల్సిందే. దూకి వెంటనే కిందకి ఏటవాలుగా ఎయిర్ డాష్ చేస్తే, అంటే గాల్లోనే ఒక్క ఉదుటున దూసుకెళ్తే ముక్కోణంలా వచ్చి నెత్తిన దిగుతాడు, ఆ దెబ్బ నిలబడి బ్లాక్ చెయ్యాలి, దిగిన మరుక్షణం కింద లైట్ కిక్, అది కూర్చుని బ్లాక్ చెయ్యాలి. ఇది ఒక్కటే చేస్తే మంచి ప్లేయర్ అలవాటు పడి ఆపేస్తాడు. అదే సైలాక్‌ని ముందే పిలిచి దూకావనుకో, వాడు ఆమెని బ్లాక్ చేసుకుంటూ కదల్లేని టైములో పైనా కిందా ఊహించుకోవాలి, ఒక్కసారి తప్పితే చాలు. మాగ్నెటో మూవ్ మారలేదు, అది పడే టైమ్ మారింది అంతే. మాగ్నెటో ఇన్ఫినిట్‌ల (ఆపకుండా తిరిగే కాంబోల) వీడియోలు చూసి పిచ్చెక్కిపోకు, ఫస్ట్ ఈ దూకుడు చేతికి రానీ.

ఇంకో సంగతి చాలామంది గమనించరు, సూపర్ జంప్‌లో, అంటే బాగా పైకెగిరే జంప్‌లో ఉన్నప్పుడు అసిస్ట్ పిలవడం కుదరదు. మామూలు జంప్‌లో కుదురుతుంది. అంటే ఎదుటివాడు స్టార్మ్‌ని పెట్టి పైకి పారిపోయి తేలుతూ టైమ్ తినేస్తుంటే చిరాకు పడి నువ్వూ వెంటపడి ఎగరకు, పైన వాడు ఒంటరి, కానీ నువ్వూ ఒంటరే అయిపోతావు. కిందే ఉండి ఎక్కడ దిగుతాడో చూసి ఆ చోటుకి నీ అసిస్ట్ పంపు.

అసిస్ట్‌గా వచ్చినవాడు బ్లాక్ చెయ్యలేడు, ఇది నీకూ వర్తిస్తుంది వాడికీ వర్తిస్తుంది. అవతల కేబుల్ ఉంటే మాత్రం ఊరికే అసిస్ట్ పిలిచావో అయిపోయావు. వాడి హైపర్ వైపర్ బీమ్ స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది, గాల్లో వేస్తే దిగగానే మళ్ళీ ఎగిరి ఇంకోటి, మళ్ళీ ఇంకోటి, మీటర్ (సూపర్‌లకి ఖర్చయ్యే, స్క్రీన్ కింద నిండే గీత) ఉన్నంతసేపు. ఒక్కోదానికి ఒక్కో లెవెల్. కాబట్టి కేబుల్ మీటర్ మీదే నీ కన్నుండాలి, సున్నా ఉంటే స్వేచ్ఛగా ఆడు, రెండు మూడు ఉంటే వాడు ఏదో ఒక పనిలో ఉన్నప్పుడే పిలువు. ఇది చెప్పడం తేలికే, గొడవ మధ్యలో కిందకి చూడ్డం అలవాటు కావడానికి టైమ్ పడుతుంది.

నీ మీటర్ సంగతి. అయిదు లెవెల్స్ దాకా నిండుతుంది, నువ్వు నిండగానే సూపర్ వేసేస్తున్నావు, వాడు బ్లాక్ చేసి నిన్ను ఉతుకుతున్నాడు. మీటర్ని ఎక్కువగా మనిషిని మార్చుకోడానికి వాడుకో. మాగ్నెటో మాగ్నెటిక్ టెంపెస్ట్ వేసి అది నడుస్తుండగానే స్టార్మ్ హెయిల్ స్టార్మ్ మోషన్ తిప్పితే మాగ్నెటో వెళ్ళిపోయి స్టార్మ్ వచ్చేస్తుంది, దెబ్బా పడుతుంది, నీ మనిషి క్షేమంగా లోపలికి పోయి ఆ ఎర్రగా ఉన్న లైఫ్ మెల్లగా నింపుకుంటాడు. రెండు బటన్లు కలిపి నొక్కి మామూలుగా ట్యాగ్ చేస్తే ఆ వచ్చేవాడు దొరికిపోతాడు, అది మానెయ్. కానీ ఇలా సూపర్‌లోంచి సూపర్‌కి మారడం వరసలో తర్వాత ఉన్నవాడికే జరుగుతుంది, అందుకే టీమ్ ఆర్డర్ పెట్టేటప్పుడు మాగ్నెటో, స్టార్మ్, సైలాక్ అని ఆ వరసలోనే పెడతారు, ఊరికే కాదు.

స్నాప్‌బ్యాక్ నేర్చుకో, హదోకెన్ మోషన్ (కింద నుంచి ముందుకి) తిప్పి అసిస్ట్ బటన్, ఒక లెవెల్ ఖర్చు. ఎదుటి మెయిన్ ప్లేయర్‌ని బయటికి నెట్టి దెబ్బలు తిని లోపల లైఫ్ నింపుకుంటున్నవాణ్ని లాక్కొస్తుంది. వాడి టీమ్ నడిచేదే సైలాక్ అసిస్ట్ మీదైతే ఆమెనే బయటికి తెచ్చి చంపెయ్, తర్వాత మాగ్నెటో సగం మనిషే. నా లెక్కలో ఈ గేమ్‌లో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే లెవెల్ ఇదే, కొత్తవాళ్ళెవరూ వాడరు.

బ్లాక్ చేస్తూ కూర్చోకు, ఇందులో స్పెషల్స్ బ్లాక్ చేసినా కొంచెం లైఫ్ పోతుంది, సెంటినెల్ లాంటివాడు అలాగే తినేస్తాడు. బ్లాక్‌లో ఉండగా రెండు పంచ్‌లు కలిపి నొక్కు, ఎదుటివాడు వెనక్కి జరుగుతాడు. అది చాలు ప్రస్తుతానికి.

ఇక నీ ముగ్గురి గురించి అడిగావు. ర్యూ కష్టంరా, షింకూ హదోకెన్ బాగుంటుంది గానీ ఈ గేమ్‌లో ఎగరలేనివాడు, గాల్లో డాష్ లేనివాడు నలిగిపోతాడు. స్పైడర్‌మ్యాన్ సరదాకి పర్లేదు. వుల్వరిన్‌ని ఉంచుకో, చురుగ్గా ఉంటాడు, కానీ వెనకాల సైలాక్‌నీ సెంటినెల్‌నీ పెట్టు, అప్పుడు డ్రోన్ల వెనకాల పరిగెత్తుకుంటూ వెళ్ళి బెర్సెర్కర్ బరాజ్ వేస్తే వాడికి ఆ మూవ్ కొత్తగా కనిపిస్తుంది. వుల్వరిన్ పోయాక సెంటినెల్ నీకు రావాలి కాబట్టి వాణ్ని రెండో ప్లేస్‌లో పెట్టు. సెంటినెల్ మామూలు దెబ్బలకి ఆర్మర్ ఉంటుంది, ఎదుటివాడు చిన్న దెబ్బ వేసినా చెయ్యి ఆగదు, కొత్తవాడికి అదో ధైర్యం. ఎగరడం దిగడం తర్వాత నేర్చుకోవచ్చు.

నేనిక్కడికి, అమెరికాకి వచ్చిన కొత్తల్లో సన్నీవేల్ గోల్ఫ్‌లాండ్ అనే గేమ్ పార్లర్లో వెనకాల నిలబడి చూసేవాణ్ని, బాగా ఆడేవాళ్ళ చేతులు కాదు, అసిస్ట్ ఎప్పుడు నొక్కుతున్నారో చూస్తే చాలు సగం గేమ్ అర్థమయ్యేది. నీకిప్పుడు 2024లో వచ్చిన ఆ కలెక్షన్‌లో ట్రైనింగ్ మోడ్ ఉంది, హిట్‌బాక్సులు, అంటే దెబ్బ ఎక్కడిదాకా తగులుతుందో కూడా గీతలు గీసి చూపిస్తుంది, మాకు ఆ సుఖం లేదు. అందులో ఎదురు నిలబడే డమ్మీని బ్లాక్‌లో పెట్టి సైలాక్ పిలిచి ఎంతసేపటికి పైకి లేస్తుందో, ఆ లోపు నువ్వు ఎక్కడిదాకా వెళ్ళగలవో అదొక్కటే చూసుకో ఈ వారం.

మనిద్దరం ఆన్‌లైన్‌లో ఆడదాం అంటావు, రోల్‌బ్యాక్ (లాగ్‌ని కప్పిపుచ్చే నెట్ పద్ధతి) ఉన్నా అమెరికాకీ గుంటూరుకీ మధ్య అంత దూరం లాగ్ తగ్గదురా, నేనొచ్చినప్పుడు సోఫాలో ఆడదాం. ఈ లోపు నువ్వు ఓడిన మ్యాచ్ ఏదైనా రికార్డ్ చేసి వాట్సాప్‌లో పంపు, గెలిచినవి వద్దు. వైఫై తీసేసి నెట్ వైర్ పెట్టమని మీ నాన్నకి చెప్పాను, తెస్తానన్నాడు, రెండు రోజులు చూసి మళ్ళీ అడుగు, వాడు మర్చిపోతాడు.

బాబాయ్